పండగ పూట దెయ్యం కథ

బ్రిటన్‌లో క్రిస్మస్ అంటే కేకు, చెట్టు, కానుకలతో పాటు టీవీలో ఒక దెయ్యం కథ కూడా. బీబీసీలో 2013లో 'ట్రాక్టేట్ మిడాత్', 2021లో 'మెజోటింట్', 2022లో 'కౌంట్ మాగ్నస్' వచ్చాయి. మూడింటినీ తీసింది మార్క్ గాటిస్, మూడింటికీ మూలకథ రాసింది ఎం.ఆర్. జేమ్స్. ఆయన పోయింది 1936లో. ఏసు పుట్టిన పండక్కి దెయ్యాలేంటి అని మనకి అనిపించడం సహజం.

చలికాలపు పొడుగు రాత్రుల్లో మంట చుట్టూ చేరి దెయ్యం కథలు చెప్పుకోవడం ఇంగ్లండులో పాత అలవాటే. 1843లో డికెన్స్ దెయ్యాల కథ 'క్రిస్మస్ కారల్' వచ్చాక పత్రికల పండగ సంచికలకి కూడా ఆ అలవాటు గట్టిగా పట్టుకుంది. కాకపోతే ఇవాళ టీవీలో కనిపించే తరహా కథ పుట్టింది మాత్రం కేంబ్రిడ్జ్‌లోని కాలేజీ గదుల్లో.

మాంటేగ్ రోడ్స్ జేమ్స్ 1862లో కెంట్‌లో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. పిల్లవాడికి మూడేళ్ళప్పుడు కుటుంబం సఫోక్‌లోని గ్రేట్ లివర్‌మియర్ అనే పల్లెకి మారింది. ఆయన కథల్లోని చర్చిలు, పాత బంగళాలు, మనిషి జాడ లేని సముద్రపు ఒడ్డులు చాలావరకు ఆ తూర్పు ఇంగ్లండువే. ఈటన్‌లో బడి, కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీలో పై చదువు. ఆ తర్వాత ఫిట్జ్‌విలియం మ్యూజియం డైరెక్టరు, 1905లో కింగ్స్ ప్రొవోస్టు, అంటే కాలేజీ పెద్ద. 1913 నుంచి 1915 దాకా కేంబ్రిడ్జ్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన ఆయన విద్యార్థుల్లో ఎంతోమంది తిరిగి రాలేదు. 1918లో ఈటన్‌కే ప్రొవోస్టుగా వెళ్ళి, చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. 1930లో 'ఆర్డర్ ఆఫ్ మెరిట్' అనే పెద్ద బ్రిటిష్ గౌరవం ఇచ్చారు. అది ఇచ్చింది దెయ్యాల కోసం కాదు, పాండిత్యానికి.

ఆ పాండిత్యాన్ని పక్కనపెడితే కథలు అర్థం కావు. ఆయన అసలు పని మధ్యయుగాల రాతప్రతులు. కేంబ్రిడ్జ్ కాలేజీల లైబ్రరీల్లో మూలుగుతున్న వాటిని ఒక్కొక్కటే తిరగేసి, వివరంగా కేటలాగులు రాశాడు. ఆయనకి దొరికిన ఒక పాత రాతప్రతి ఆధారంగానే బరీ సెయింట్ ఎడ్మండ్స్ మఠం శిథిలాల్లో తవ్వితే, జాడ తెలియకుండా పోయిన మఠాధిపతుల సమాధులు బయటపడ్డాయి. ఇక కథల్లో ఏం జరుగుతుందో చూడండి: ఒక పండితుడు పాత కాగితమో వస్తువో పట్టుకుని, ముట్టకూడనిదాన్ని కదిలిస్తాడు. ఏదో లేచి వెంటపడుతుంది. తాను జీవితమంతా చేసిన పనికే ఆయన కథల్లో శిక్ష వేశాడని నాకనిపిస్తుంది.

1893 అక్టోబరు 28న 'చిట్‌చాట్' అనే చిన్న క్లబ్బులో మిత్రులకి రెండు కథలు చదివి వినిపించాడు. అందులో ఒకటి 'కానన్ ఆల్బెరిక్'. ఆ తర్వాత క్రిస్మస్ ముందు రాత్రి ఒక కొత్త కథ చదవడం ఆనవాయితీ అయింది. మిత్రులు గదిలో ఎదురుచూస్తుంటే, జేమ్స్ లోపలి గదిలోంచి సిరా ఇంకా ఆరని కాగితాలతో వచ్చేవాడట. ఒక్క కొవ్వొత్తి ఉంచి మిగతావన్నీ ఆర్పేసి, దాని పక్కన కూర్చుని చదివేవాడు. అచ్చు కోసం కాక చెవి కోసం రాసినవి కాబట్టే వాటిలో కబుర్ల ధోరణి ఉంటుంది. తేదీలు, ఊళ్ళు, పుస్తకాల వివరాలు అన్నీ ఎంతో నిజమైనవిలా పేర్చి, వినేవాళ్ళు కాస్త కుదురుకున్నాక దెబ్బ కొడతాడు. 'కానన్ ఆల్బెరిక్'లో రాత్రిపూట ఒంటరిగా పుస్తకం చూస్తున్న మనిషికి మోచేతి పక్కన ఏదో కనిపిస్తుంది. కలం తుడిచే గుడ్డా? ఎలుకా? పెద్ద సాలీడా? కాదు, చెయ్యి! జేమ్స్‌కి సాలీళ్ళంటే నిజంగానే భయం. 'ఓ, విజిల్...' కథలో దెయ్యానికి ఒళ్ళే లేదు, పక్క మంచం మీది దుప్పటి లేచి నిలబడుతుంది. మన సినిమాల్లో తెల్లచీర ఎన్నిసార్లు చూసినా, ఆ నలిగిన గుడ్డ ముఖం ముందు దిగదుడుపే.

కథలు పుస్తకంగా రావడం వెనక ఒక స్నేహితుడున్నాడు. జేమ్స్ మెక్‌బ్రైడ్ బొమ్మలు గీస్తానన్నాడు. నాలుగు పూర్తయ్యేసరికి, 1904లో ఆపరేషను తర్వాత చనిపోయాడు. మరొకరితో మిగతావి గీయించడానికి జేమ్స్ ఒప్పుకోలేదు. ఆ నాలుగు బొమ్మలతోనే అదే ఏడు మొదటి సంపుటి వెలువడింది. 1911, 1919, 1925లలో మరో మూడు వచ్చాయి. 1931 నాటి సమగ్ర సంపుటిలో మొత్తం 30 కథలు.

దెయ్యం దుష్టంగానే ఉండాలి, రచయిత మాత్రం అన్నీ విప్పి చెప్పకూడదు అన్నది ఆయన పద్ధతి. రక్తపాతం రాసేవాళ్ళంటే చిరాకు. మీరు దెయ్యాల్ని నమ్ముతారా అంటే, సాక్ష్యం చూపిస్తే పరిశీలిస్తాను, తృప్తికరంగా ఉంటే ఒప్పుకుంటాను అని తప్పించుకున్నాడు. కేటలాగులు రాసిన మనిషి ఇంకేమంటాడు?

1968లో జొనాథన్ మిల్లర్ ఆ దుప్పటి కథని బీబీసీకి తీశాడు. 1971 నుంచి 1978 దాకా లారెన్స్ గోర్డన్ క్లార్క్ మొదలుపెట్టిన వరుసలో ఏటా క్రిస్మస్‌కి ఒక సినిమా వచ్చింది, మొదటి ఐదూ జేమ్స్ కథలే. గాటిస్ అందుకున్నది ఈ వరుసనే. తమాషా ఏమిటంటే, పండగకి చదివిన ఈ కథల్లో క్రిస్మస్ ఊసున్నవి బహు తక్కువ.

రచయిత పోయి 60 ఏళ్ళు దాటితే మన దేశంలో కాపీరైటు ఉండదు కాబట్టి, వీటిని తెలుగులోకి తేవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొదలుపెట్టాలంటే 'కానన్ ఆల్బెరిక్' మంచిది, చిన్న కథ. ఎవరికైనా పైకి చదివి వినిపిస్తే మరీ మంచిది.