పక్క ట్యాబ్ తెరవని పాఠం

గూగుల్‌లో ఏదైనా అడిగితే ఇప్పుడు వెబ్‌సైట్ల కంటే ముందు ఏఐ రాసిన సారాంశం కనిపిస్తోంది. మన దేశంలో 2024 ఆగస్టు నుంచి ఇదే వరస. పిల్లలు ప్రాజెక్టు వర్కుకి ఆ నాలుగు లైన్లే దించేసుకుంటున్నారనీ, కింద ఏ సైట్ ఉందో కూడా చూడటం లేదనీ టీచర్ల గోల. దాంతో పాత పేచీ మళ్లీ లేచింది. క్లాసులో ఏ వెబ్‌సైట్‌ని నమ్మాలి? ఆ సంగతి ఎవరు తేల్చాలి? ఫలానా సైట్లు మాత్రమే చూడండని జాబితా ఇచ్చేస్తే సరిపోతుందని కొందరి వాదన. ప్రశ్నల చెక్‌లిస్టు ఒకటి గోడకి అంటిస్తే చాలని ఇంకొందరిది.

నేరుగా 2017కి వెళ్దాం. ఈ పేచీకి అసలు ముడి అక్కడుంది.

ఆ ఏడాది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూల పరిశోధన ఒకటి బయటికొచ్చింది. వాళ్లు 45 మందిని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. పదిమంది పీహెచ్‌డీ చేసిన చరిత్రకారులు, వార్తల్లో నిజమెంతో తేల్చే ఫ్యాక్ట్‌చెకర్లు పదిమంది, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. బడిలో పిల్లల్ని ఏడిపించడం, వేధించడం గురించి రెండు సైట్లలో ఉన్న వ్యాసాలు చూపించి, ఏది నమ్మదగ్గదో చెప్పమన్నారు. ఒకటి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్‌ది, రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్‌ది. పేర్లు వింటే అన్నదమ్ముల్లా ఉన్నాయి కదా. అకాడమీ 1930 నాటిది. అరవై వేల మందికి పైగా పిల్లల డాక్టర్లున్న వృత్తి సంఘం. రెండోది 2002లో పుట్టిన చిన్న గుంపు. స్వలింగ జంటలు పిల్లల్ని దత్తత తీసుకోవడాన్ని అకాడమీ సమర్థించిందని అలిగి బయటికొచ్చినవాళ్లు పెట్టుకున్నది.

విద్యార్థులు బుద్ధిగా చదివారు. పై నుంచి కింద దాకా. ప్రకటనలు లేవు, అడుగున రిఫరెన్సులున్నాయి, చిరునామా చివర డాట్ ఆర్గ్ ఉంది అని లెక్కలు వేసుకుని, సగానికి పైగా ఆ చిన్న గుంపు సైటుకే ఓటేశారు. పాత పత్రాలు ఆరా తీయడంలో చేయి తిరిగిన చరిత్రకారుల్లోనూ చాలామంది ఎటూ తేల్చలేకపోయారు. ఫ్యాక్ట్‌చెకర్లు మాత్రం పదికి పదిమందీ అకాడమీనే ఎంచుకున్నారు. వాళ్లు చేసిందల్లా ఒక్కటే. పేజీ మీద కాసేపు కూడా నిలవకుండా పక్కన కొత్త ట్యాబ్ తెరిచి, ఈ సంస్థ గురించి మిగతా లోకం ఏమంటోందో వెతికారు. దీనికే లాటరల్ రీడింగ్, అంటే పక్కకి వెళ్లి చదవడం, అని పేరు పెట్టారు.

ఇందులో మనకి కొత్తేముంది? సంబంధం చూసేటప్పుడు పెళ్లికొడుకునే నిలబెట్టి ‘బాబూ, నువ్వు మంచివాడివేనా’ అని ఎవరూ అడగరు. వాళ్ల వీధిలో ఆరా తీస్తారు, ఆఫీసులో తెలిసినవాళ్లుంటే కనుక్కుంటారు. సైటులోని ‘మా గురించి’ పేజీ చదివి సైటుని నమ్మడమంటే పెళ్లికొడుకు మాట మీద ముహూర్తం పెట్టుకోవడమే.

మరి పిల్లలకి ఆ పని ఎవరు నేర్పారు? బడే నేర్పింది. 2004లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ చీకో క్యాంపస్ లైబ్రరీలో ఒక చెక్‌లిస్టు తయారైంది. సమాచారం తాజాదా, మన అవసరానికి పనికొస్తుందా, రాసినవారి అర్హతేమిటి, కచ్చితంగా ఉందా, ఉద్దేశం ఏమిటి అని అయిదు గీటురాళ్లు. ఇంగ్లిష్‌లో వాటి మొదటి అక్షరాలు కలిపితే ‘క్రాప్’. చెత్త అనే అర్థం వచ్చే మాటని సరదాగా పెట్టుకున్నారు, గుర్తుంటుందని. గుర్తుండిపోయింది, వేల లైబ్రరీలకి పాకింది. విద్యార్థికి అదొక మొదటి మెట్టు మాత్రమేనని దాన్ని వాడే లైబ్రేరియన్లు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ క్లాసులో జరిగింది వేరు. పిల్లలు ప్రతి ప్రశ్నకీ జవాబుని ఆ పేజీలోనే వెతుక్కున్నారు. మోసం చేయాలనుకున్నవాడికి ఆ అయిదు ప్రశ్నలూ ముందే తెలుసు మరి.

డాట్ ఆర్గ్ సంగతే చూడండి. అది సేవా సంస్థలకే ఇస్తారని ఇప్పటికీ చాలా క్లాసుల్లో చెబుతుంటారు. డబ్బు కడితే ఎవరైనా కొనుక్కోవచ్చు. 2019లో ఆ డొమైన్ మొత్తాన్నీ నడిపే సంస్థనే 113 కోట్ల డాలర్లకి ఒక ప్రైవేటు పెట్టుబడి కంపెనీకి అమ్మబోయారు. నిరసనలు రేగాక 2020 ఏప్రిల్‌లో, ఇంటర్నెట్ చిరునామాల వ్యవస్థని చూసే ఐకాన్ సంస్థ ఒప్పుకోకపోవడంతో ఆగింది. మన దగ్గర 2023 జనవరిలో కేంద్ర విద్యాశాఖే ప్రజల్ని హెచ్చరించాల్సి వచ్చింది. సర్వశిక్ష, సమగ్ర శిక్షా అభియాన్ పేర్లతో మూడు నకిలీ సైట్లు లేచాయి. ఒకటి డాట్ ఆన్‌లైన్, ఒకటి డాట్ కో డాట్ ఇన్, ఒకటి డాట్ ఆర్గ్ డాట్ ఇన్. అసలు సైటు రూపాన్ని అచ్చు గుద్దినట్టు దించి, ఉద్యోగాలిప్పిస్తామని డబ్బు గుంజారు. గోడ మీది చెక్‌లిస్టు పెడితే అవీ పాసయ్యేవే.

వికీపీడియా మీద నిషేధానికీ ఇలాంటి చరిత్రే ఉంది. 2007లో అమెరికాలోని మిడిల్‌బరీ కాలేజీ చరిత్ర విభాగం, పరీక్షల్లో, వ్యాసాల్లో వికీపీడియాని ఆధారంగా చూపొద్దని తీర్మానించింది. జపాన్‌లో షిమబారా తిరుగుబాటు గురించి పలువురు విద్యార్థులు ఒకే తప్పు రాయడం దానికి కారణం. చూపొద్దన్నారు గానీ చూడొద్దనలేదు. ఆ తీర్మానం ఊళ్లు దాటేసరికి ఆ తేడా కాస్తా ఎగిరిపోయింది, ‘వికీపీడియా ముట్టుకోవద్దు’ అన్నది మిగిలింది. ఫ్యాక్ట్‌చెకర్లు చాలాసార్లు మొదట తెరిచేదే వికీపీడియా. పైన కథనం చదవడానికి కాదు, అడుగున ఉన్న ఆధారాల లింకుల కోసం.

స్టాన్‌ఫర్డ్ బృందం 2019లో ఇంకో దెబ్బ వేసింది. అమెరికా హైస్కూళ్లలో 3,446 మందిని పరీక్షిస్తే, రష్యాలో దొంగ ఓట్లు వేస్తున్న వీడియోని తమ దేశంలో జరిగిన రిగ్గింగ్‌కి బలమైన సాక్ష్యమని 52 శాతం నమ్మారు. వాతావరణ మార్పు మీద రాసే ఒక సైటుకి బొగ్గు, చమురు వ్యాపారంతో సంబంధాలుంటే నమ్మకం ఎందుకు తగ్గాలో 96 శాతం ఆలోచించనే లేదు. చేతిలో ఫోన్‌తో పెరిగిన తరం కాబట్టి వాళ్లకే తెలుస్తుందిలే అనే మాట అక్కడితో చెల్లిపోయింది.

ఇదంతా నేర్పడానికి పీరియడ్లు ఎక్కడివి, సిలబస్ ఎప్పుడవ్వాలి అని టీచర్లు అడుగుతారు. కంప్యూటర్ ల్యాబ్ తాళమే తీయని బడుల్లో ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరం బడుల్లో 499 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. పక్క ట్యాబ్ తెరిచి ఆరా తీయడం నేర్పే యాభై నిమిషాల పాఠాలు ఆరంటే ఆరే. అవి విన్న పిల్లలు విననివాళ్ల కంటే స్పష్టంగా మెరుగయ్యారు. అదే ఏడాది కేరళలో బడుల టెక్నాలజీ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ కైట్ ‘సత్యమేవ జయతే’ పేరుతో 5 నుంచి 10 తరగతుల దాకా 19.72 లక్షల మంది పిల్లలకి శిక్షణ ఇచ్చింది. 2024లో 5, 7 తరగతుల ఐసీటీ (కంప్యూటర్ సబ్జెక్టు) పుస్తకాల్లోనే నకిలీ వార్తల్ని పట్టుకునే పాఠం చేర్చారు. తెలుగులో వచ్చే పుకార్లకైతే హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు రోజూ ఇదే పని చేస్తున్నాయి. వాళ్లు ఏ వీడియోని ఎలా పట్టుకున్నారో మెట్టుమెట్టుగా రాసి పెడతారు కూడా. అదే ఒక పీరియడ్‌కి సరిపడా పాఠం.

ఇక ఏఐ సారాంశం సంగతి. రాసిందెవరని అడిగితే పేరు లేదు, ‘మా గురించి’ పేజీ లేదు, ఉద్దేశం ఏమిటో చెప్పేవాడు లేడు. ఆమోదిత సైట్ల జాబితాలోనేమో గూగుల్ ఉండనే ఉంటుంది. ఆ నాలుగు లైన్ల పక్కన మాత్రం చిన్న చిన్న లింకులుంటాయి. వాటిలో ఒకదాన్ని కొత్త ట్యాబ్‌లో తెరిచి, ఆ సైటు పేరుని ఇంకో ట్యాబ్‌లో వెతకడానికి రెండు నిమిషాలు పడుతుంది.