ప్రింటర్‌లో డిలీట్ చేసింది ఎక్కడికి పోతుంది?

2010లో అమెరికాలోని సీబీఎస్ న్యూస్ విలేకరులు న్యూజెర్సీలోని ఒక గోదాములో నాలుగు పాత కాపియర్లు కొన్నారు. ఒక్కోటి సుమారు 300 డాలర్లు. వాటి హార్డ్ డిస్కులు బయటికి తీసి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో వెతికిస్తే వేలకొద్దీ డాక్యుమెంట్లు దొరికాయి. ఒక మిషన్ న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగర పోలీసుల లైంగిక నేరాల విభాగానిది. దాని అద్దం మీద కాగితాలు కూడా అలాగే ఉండిపోయాయి! ఇంకోటి అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థది. రోగుల రక్తపరీక్షల ఫలితాలు, మందుల వివరాలు అందులో ఉన్నాయి. ఆ సంస్థ 2013లో ప్రభుత్వానికి 12 లక్షల డాలర్లకు పైగా కట్టి కేసు సర్దుబాటు చేసుకుంది.

అసలు కాపియర్ అయినా ప్రింటర్ అయినా ఇవన్నీ ఎందుకు దాచుకుంటుంది? 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) ఒక ఎ4 పేజీ అంటే దాదాపు 3.5 కోట్ల చుక్కలు. రంగుల్లో అయితే నాలుగు ఇంకులకూ విడివిడిగా లెక్క. యాభై పేజీల రిపోర్టు పది కాపీలు కావాలంటే ప్రతిసారీ కంప్యూటర్ నుంచి తెప్పించుకోవడం కన్నా ఒకసారి తీసుకుని లోపల పెట్టుకోవడమే సుఖం. పిన్ నంబరు కొడితేనే బయటికొచ్చే ప్రైవేట్ ప్రింట్‌కైతే దాచుకోక తప్పదు.

పోయిన ఫైలు కోసం వెతికేవాళ్లు ముందు మిషన్ తెరమీద నిల్వ ఉన్న జాబ్‌ల (ప్రింట్ పనుల) జాబితా చూడాలి. ఉంటే మళ్లీ ప్రింట్ తీసుకోవచ్చు. అంతవరకూ స్విచ్ ముట్టుకోకూడదు. ‘ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి’ అనేది మన ఆఫీసుల్లో సర్వరోగ నివారిణి కానీ, జాబ్ ర్యామ్ అనే తాత్కాలిక మెమరీలో మాత్రమే ఉంటే కరెంటుతో పాటే అదీ పోతుంది. పంపిన కంప్యూటర్‌లోనూ చూడొచ్చు. విండోస్ ప్రింట్ అయ్యేదాకా ఎస్‌పీఎల్ అనే ఒక తాత్కాలిక ఫైలు ఉంచుకుంటుంది, ప్రింటయ్యాక మామూలుగా తీసేస్తుంది.

జాబితాలోంచి డిలీట్ అయిపోయినా హార్డ్ డిస్కు మీద ఆశ ఉంటుంది. డిలీట్ అంటే చాలాసార్లు ఆ ఫైలు ఫలానా చోట ఉందన్న నమోదును కొట్టేయడమే. కొత్త సమాచారం వచ్చి పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. ఫోరెన్సిక్ నిపుణులు నమోదుల జోలికి పోకుండా డిస్కంతా వరసగా చదువుతూ ఆనవాళ్లు పడతారు. పీడీఎఫ్ ఫైలు మొదట్లో శాతం గుర్తు, దాని వెంట పీడీఎఫ్ అన్న అక్షరాలు ఉంటాయి. జేపెగ్ ఫొటో ఫైలుకి దాని ఆరంభపు బైట్లు దానికున్నాయి. కంపెనీ సొంత ఫార్మాట్‌లో దాస్తే మాత్రం ఈ పని కష్టం.

ఇప్పటి ఆఫీసు మిషన్లలో చాలావాటికి ఎన్‌క్రిప్షన్ ఉంది, అంటే తాళంచెవి లాంటి ఒక కోడ్ లేనిదే చదవలేకుండా సమాచారాన్ని మార్చి దాచడం. అది ఆన్‌లో ఉంటే డిస్కు తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించినా చదవదగ్గది ఏమీ కనిపించదు. ఆ తాళంచెవి ప్రింటర్ బోర్డులోనే ఉంటే, బోర్డు కాలిపోయినప్పుడు సొంతదారుకీ అదే గతి. దొంగనీ యజమానినీ అది వేరుగా చూడదు.

మన దగ్గర జెరాక్స్ షాపుల్లోకి విదేశాల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ మిషన్లూ చేరుతుంటాయి. ఆధార్ నుంచి ఆస్తి పత్రాల దాకా వాటి మీదే కాపీ తీయిస్తాం. అమ్మేముందు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి ఊరుకుంటే చాలదు, డిస్కు మీద తిరగరాసే ఆప్షన్ సెక్యూరిటీ మెనూలో ఉందేమో చూడాలి. ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో దాచుకునే కొత్త తరహా డిస్కు) అయితే తిరగరాసినా పూర్తి నమ్మకం లేదు, ఎందుకంటే అది కొత్త రాతను పాత చోటే కాకుండా ఇంకోచోట పెట్టొచ్చు. అక్కడ ఎన్‌క్రిప్షన్ తాళంచెవిని చెరిపేయడమే సరైన పని. అదీ కుదరకపోతే డిస్కు ఊడదీసి మన దగ్గరే ఉంచుకోవాలి.