లినక్స్‌లో మొక్కల డేటాబేస్ అమర్చుకోవడం: అపోహలు – వాస్తవాలు

తోటలోని మొక్కల వివరాలను కంప్యూటర్‌లో నమోదు చేయడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లలో నేను ఎక్కువగా వాడినవి బాబుల్, దాని నుంచి పుట్టిన గినీ. బాబుల్‌ను మధ్య అమెరికాలోని బెలీజ్ బొటానిక్ గార్డెన్స్ అవసరాల కోసం పైథాన్ భాషలో రాశారు. 16వ శతాబ్దంలో ఇటలీలోని పీసాలో వృక్షోద్యానాన్ని నెలకొల్పిన లూకా గినీ పేరునే రెండోదానికి పెట్టారు. వీటిని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో అమర్చుకోవాలనుకునే కళాశాల తోటల వారు, నర్సరీల వారు నన్ను అడిగే ప్రశ్నల వెనుక కొన్ని అపోహలు తరచూ కనిపిస్తుంటాయి.

అపోహ: ఇన్‌స్టాల్ చేయగానే ప్రపంచంలోని మొక్కలన్నీ అందులో ఉంటాయి.

కొత్త డేటాబేస్ సృష్టించినప్పుడు లండన్‌లోని క్యూ (Kew) వృక్షోద్యానం వారి జాబితా ఆధారంగా కుటుంబాల పేర్లు, ప్రజాతుల (జీనస్) పేర్లు మాత్రమే వస్తాయి. జాతులను మన తోటలో ఉన్నంత మేరకు మనమే చేర్చుకోవాలి. దీన్ని లోపమని నేను అనుకోను, ఎందుకంటే ఇది వృక్ష విజ్ఞాన సర్వస్వం కాదు, ఒక తోట తన మొక్కలకు రాసుకునే చిట్టా. ఆ చిట్టాకు ప్రాణం అక్సెషన్ నంబరు. గ్రంథాలయంలో కొత్తగా వచ్చిన పుస్తకానికి నంబరు వేసినట్లే, ఒకే చోటి నుంచి ఒకే సారి వచ్చిన ఒకే రకం మొక్కలకు ఇక్కడ ఒక అక్సెషన్ నంబరు వేస్తారు. ఉదాహరణకు, ఒక నర్సరీ నుంచి ఒకే రోజు 5 ఎర్రచందనం మొక్కలు తెచ్చి, 3 గేటు పక్కన, 2 ప్రయోగశాల వెనుక నాటామనుకుందాం. అప్పుడు అక్సెషన్ ఒకటే, దాని కింద స్థలాన్ని బట్టి మొక్కల రికార్డులు రెండు. మరుసటి ఏడాది వేరే చోటి నుంచి తెచ్చిన ఎర్రచందనానికి కొత్త అక్సెషన్ కావాలి. మొక్క చనిపోతే రికార్డును తుడిచేయకుండా సంఖ్యను సున్నా చేసి ఉంచాలి, ఎందుకంటే ఏ నేలలో ఏది బతకలేదో పదేళ్ల తర్వాత చెప్పగలిగేది ఆ రికార్డు ఒక్కటే. ఇన్‌స్టలేషన్‌కు కూర్చునే ముందే ఈ అమరికను కాగితం మీద ఒకసారి గీసి చూసుకోమని నేను అందరికీ చెబుతాను.

అపోహ: లినక్స్ కాబట్టి ఒక్క కమాండ్‌తో పని అయిపోతుంది, కాకపోతే సుడో పెట్టి పిప్ నడిపితే సరిపోతుంది.

సుడో అంటే నిర్వాహకుడి అధికారంతో కమాండ్ నడపడం, పిప్ అంటే పైథాన్ భాగాలను తెచ్చి అమర్చే పనిముట్టు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. బాబుల్, గినీ తొలి రూపాలు పైథాన్ 2 మీద, కిటికీలూ బటన్లూ చూపించే పైజీటీకే అనే భాగం మీద ఆధారపడి ఉన్నాయి. పైథాన్ 2కు అధికారిక మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. లినక్స్ రకాలైన ఉబుంటులో 20.04 నుంచి, డెబియన్‌లో 11 నుంచి పైజీటీకే ప్యాకేజీని తొలగించారు. దాన్ని పిప్ ద్వారా సులభంగా తెచ్చుకునే వీలు లేదు కాబట్టి, పాత సూచనలను అక్షరాలా పాటించినవారికి కొత్త లినక్స్‌లో ప్యాకేజీ దొరకలేదనే సమాధానమే వస్తుంది. వారు చేసిన తప్పేమీ లేకపోయినా, తమకు చేతకాలేదనుకుని వదిలేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

దీనికి రెండు దారులు ఉన్నాయి. గినీని పైథాన్ 3కు, పైజీటీకే స్థానంలో వచ్చిన జీటీకే 3కు మార్చే ప్రయత్నాలు జరిగాయి కాబట్టి, మీరు దించుకున్న ప్రతి (వెర్షన్) ఏ పైథాన్ కోసం రాసినదో దానితో వచ్చే రీడ్‌మీ ఫైలులో ముందుగా చూడండి. పాత ప్రతే తప్పనిసరి అయితే, వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్‌లో, డెబియన్ 10 పెట్టి, అమరిక పూర్తయ్యాక దానికి ఇంటర్నెట్ ఆపేసి వాడుకోండి. భద్రతా సవరణలు అందని వ్యవస్థను నేరుగా నెట్‌కు కలిపి ఉంచడం మంచిది కాదు. ఏ దారిలోనైనా పైథాన్ భాగాలను వ్యవస్థతో కలవకుండా విడిగా ఒక ఫోల్డర్‌లో, అంటే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉంచాలి. పాత ప్రతి విషయంలో మాత్రం ఆ ఎన్విరాన్‌మెంట్‌కు వ్యవస్థలోని పైజీటీకే కనిపించేలా సిస్టమ్ సైట్ ప్యాకేజీల ఆప్షన్ ఇవ్వాలి. సుడోతో పిప్ నడిపితే ఆపరేటింగ్ సిస్టమ్ సొంత పైథాన్ భాగాలు చెదిరిపోయే ప్రమాదం ఉంది. అందుకే డెబియన్ 12 నుంచి ఆ పద్ధతిని వ్యవస్థే అడ్డుకుంటోంది.

అపోహ: నిజమైన తోటకు పోస్ట్‌గ్రెస్ ఉండి తీరాలి, ఎస్‌క్యూలైట్ నేర్చుకునేవారికే.

ఈ రెండూ మన నమోదులను భద్రపరిచే డేటాబేస్ వ్యవస్థలు. ఒకే కంప్యూటర్‌లో ఒకరే నమోదు చేసే తోటకు ఎస్‌క్యూలైట్ చక్కగా సరిపోతుంది. డేటా మొత్తం ఒకే ఫైలులో ఉంటుంది కాబట్టి, ప్రోగ్రామ్ మూసేసి ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బ్యాకప్ అయినట్లే. అయితే ఆ ఫైలును నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి ఇద్దరు ముగ్గురు ఒకేసారి తెరవకూడదు, ఎందుకంటే అటువంటి ఫోల్డర్లలో, ఒకరు రాస్తుండగా మరొకరిని ఆపే ఫైలు తాళాలు సరిగా పనిచేయక డేటా పాడయ్యే అవకాశం ఉంది. పలువురు కలిసి పనిచేసే చోట పోస్ట్‌గ్రెస్ కావాలి. అక్కడ పీర్ అథెంటికేషన్ విఫలమైందన్న సందేశం వస్తే కంగారు పడనవసరం లేదు. లినక్స్ యూజర్ పేరు, డేటాబేస్ యూజర్ పేరు వేర్వేరుగా ఉన్నాయని దాని అర్థం. కనెక్షన్ వివరాల్లో హోస్ట్ దగ్గర లోకల్‌హోస్ట్ అని రాస్తే పాస్‌వర్డ్ ద్వారా ప్రవేశం లభిస్తుంది.

అపోహ: తెలుగు పేర్లు రాయడం కుదరదు.

కుదురుతుంది. జాతికి స్థానిక నామాలు చేర్చే చోట భాష పేరు కూడా రాసుకోవచ్చు. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంట్స్-తెలు ప్యాకేజీని, టైపింగ్‌కు ఐబస్-ఎం17ఎన్‌ను చేర్చుకోండి. లిబ్రేఆఫీస్ స్ప్రెడ్‌షీట్ నుంచి సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలు భద్రపరిచేటప్పుడు, తెలుగు అక్షరాలు చెదరకుండా యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతి ఎంచుకోవడం మరవకండి.

అపోహ: సీఎస్‌వీ ఇంపోర్ట్ చేస్తే కొత్త వరుసలు పాతవాటికి కలుస్తాయి.

బాబుల్‌లో పూర్తి సీఎస్‌వీ ఇంపోర్ట్ బ్యాకప్‌ను వెనక్కి తేవడానికి ఉద్దేశించినది. అది ఉన్న డేటాను చెరిపి దాని స్థానంలో కొత్తది రాస్తుంది. నాకు తెలిసిన ఒక తోటలో ఈ తేడా తెలియక కొన్ని నెలల నమోదు పోయింది. ఆ మొక్కలన్నింటి దగ్గరికీ మళ్లీ నడిచి వెళ్లి, లేబుళ్లు చూసి రాసుకోవాల్సి వచ్చింది. హెచ్చరిక కిటికీ వచ్చినప్పుడు దానిలోని ప్రతి వాక్యం చదవండి, అంతకుముందే ఎక్స్‌పోర్ట్ ఒకటి తీసి మరో డిస్క్‌లో ఉంచండి. సీఎస్‌వీ ఎక్స్‌పోర్ట్‌లో ఒక్కో పట్టికకు ఒక్కో ఫైలు వస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్ రేపు ఏ లినక్స్‌లోనూ నడవకపోయినా ఆ ఫైళ్లను ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తెరవవచ్చు కాబట్టి, నేను నెలకొకసారి తప్పక తీసి పెట్టుకుంటాను.

అపోహ: శాస్త్రీయ నామం ఒకసారి రాస్తే ఇక మారదు.

మన నల్లతుమ్మనే చూడండి. అకేసియా అనే పేరును ఆస్ట్రేలియా జాతులకు ఉంచాలన్న నిర్ణయం 2005లో వియన్నా వృక్షశాస్త్ర కాంగ్రెస్‌లో ఆమోదం పొంది, 2011లో మెల్‌బోర్న్‌లోనూ నిలబడింది. దానితో అకేసియా నైలోటికా వాచెలియా నైలోటికాగా, చండ్ర సెనెగేలియా కటెచూగా మారాయి. ఇటువంటప్పుడు పాత పేరు మీద కొత్త పేరు దిద్దకండి. కొత్త జాతి రికార్డు సృష్టించి, పాతదాన్ని దానికి పర్యాయనామంగా కలిపి, అక్సెషన్లను కొత్త జాతి కిందికి మార్చండి. అక్సెషన్ నంబరు మాత్రం మార్చకండి, ఎందుకంటే తోటలో చెట్టుకు వేలాడుతున్న రేకు మీద ఉన్నది ఆ నంబరే.