పసిబిడ్డను బోర్లా పడుకోబెట్టమన్న సలహా: ఎలా వచ్చింది, ఎలా పోయింది

పాలు తాగి పడుకున్న ఆరోగ్యవంతమైన పసిబిడ్డ నిద్రలోనే చనిపోయి, శవపరీక్షలోనూ కారణం తేలని సందర్భాలకు ‘ఆకస్మిక శిశు మరణ సిండ్రోమ్’ అన్న నిర్వచనం 1969లో అమెరికాలోని సియాటిల్‌లో జరిగిన సదస్సులో స్థిరపడింది. పక్కలో పడుకున్న తల్లే నలిపేసిందన్న పాత నింద అప్పటికి కొంత తగ్గింది. అయితే ఈ మరణాలకు దోహదం చేసే ఒక అలవాటును అదే కాలంలో వైద్యులే తల్లులకు నేర్పుతున్నారు.

బిడ్డను బోర్లా పడుకోబెట్టాలన్న సలహా పాశ్చాత్య దేశాల్లో 1950ల నుంచి బలపడింది. పిల్లల పెంపకంపై ఇంటింటా చదివిన డాక్టర్ బెంజమిన్ స్పాక్ పుస్తకం కూడా ఆ దశకం ద్వితీయార్ధంలో ఆ మాటే చెప్పింది. వెల్లకిలా ఉన్న బిడ్డ పాలు కక్కితే అవి గొంతుకు అడ్డం పడతాయన్నది దాని వెనకున్న భయం. వినడానికి సబబుగా తోచిన ఆ వాదనను ఎవరూ పరీక్షించలేదు. నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం అన్నవాహిక కన్నా పైన ఉంటుంది కనుక, కక్కిన పాలు అందులోకి వెళ్లాలంటే పైకి ఎక్కాలి. బోర్లా ఉన్నప్పుడే అది కిందికి వస్తుంది.

దక్షిణ ఆస్ట్రేలియాలో డాక్టర్ సుసాన్ బీల్ 1970ల నుంచి బిడ్డను పోగొట్టుకున్న వందలాది ఇళ్లకు స్వయంగా వెళ్లి, పక్క ఎలా వేశారో, బిడ్డ ఏ భంగిమలో కనిపించిందో నమోదు చేసుకున్నారు. నెదర్లాండ్స్, న్యూజిలాండ్, బ్రిటన్ అధ్యయనాలు కూడా బోర్లా పడుకోబెట్టడాన్నే వేలెత్తి చూపాయి. బ్రిటన్‌లో 1991 చివర బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టమన్న ప్రచారం మొదలయ్యాక కొద్ది సంవత్సరాల్లోనే ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. అమెరికాలో 1992లో ప్రతి వెయ్యి జననాలకు 1.2గా ఉన్న రేటు 2001కల్లా 0.56కు దిగింది. అప్పటికే అందుబాటులో ఉన్న ఆధారాలను 1970లోనే క్రోడీకరించి ఉంటే ఒక్క బ్రిటన్‌లోనే పది వేలకు పైగా ప్రాణాలు దక్కేవని 2005లో ఒక సమీక్ష లెక్కగట్టింది. ఈ ఆలస్యానికి వైద్యలోకం ఇంకా సరిగా జవాబు చెప్పుకోలేదనే అనిపిస్తుంది.

బోర్లా పడితే బొబ్బట్లు పంచే మన ఇళ్లలో బిడ్డను పడుకోబెట్టేది మామూలుగా వెల్లకిలానే కనుక, ఈ సలహా మనకు కొత్త కాదు. అయితే కూతురి పురుటికి అమెరికా వెళ్లిన అమ్మమ్మ, తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టబోతే మాత్రం పేచీ వస్తుంది. ఏడాది లోపు బిడ్డకు దిండు, మెత్తని దుప్పటి, బొమ్మలు ఏవీ లేని గట్టి పరుపే ఉండాలని, తల్లిదండ్రుల గదిలోనే అయినా వేరే పక్క మీద పడుకోబెట్టాలని, ఇంట్లో ఎవరూ పొగ తాగకూడదని అక్కడి శిశువైద్యులు చెబుతారు.

మరణాలు తగ్గినా తల్లులపై అనుమానం పోలేదు. ఇద్దరు కొడుకులను పసితనంలోనే పోగొట్టుకున్న బ్రిటన్ న్యాయవాది శాలీ క్లార్క్‌కు 1999లో హత్యానేరం కింద యావజ్జీవ శిక్ష పడింది. అలాంటి కుటుంబంలో ఇలా రెండుసార్లు జరిగే అవకాశం 7.3 కోట్లలో ఒక్కటేనని ఒక శిశువైద్య నిపుణుడు సాక్ష్యం చెప్పగా, ఆ లెక్కకు గణాంక శాస్త్ర ఆధారం లేదని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో బహిరంగంగా ప్రకటించింది. 2003లో విడుదలైన ఆమె 2007లో మరణించారు. ఇలాంటి కేసుల తర్వాత, 2004లో న్యాయవాది హెలెనా కెనడీ నివేదిక ఆధారంగా బ్రిటన్‌లో విధానం మారింది: బిడ్డ పోయిన ఇంటికి పోలీసులతో పాటు శిశువైద్యుడో, శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బందో వెళ్లి, పక్కను పరిశీలించి, తల్లిదండ్రులు చెప్పేది పూర్తిగా వినాలని అది సూచించింది.