చీకట్లో మెడగంట

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

"మందులను కాలేయం విరిచేస్తుందని పాఠంలో ఉంది. ఆ పని చేసే ఎంజైమ్ అక్కడ ఉందని ఎవరు చూశారు తాతయ్యా?" అని మొన్న మీలో ఒకరు అడిగారు. కంటితో ఎవరూ చూడలేదు. వెతికి పట్టారు.

నా చిన్నతనంలో ఒక రాత్రి కొట్టంలో దీపం ఆరిపోయింది. ఇన్ని ఆవుల్లో దూడ తల్లి ఎక్కడుందో తెలియలేదు. నాన్న దూడ మెడకు గంట కట్టి తాడు విప్పారు. గంట అటూ ఇటూ తిరిగి, ఒకచోట నిలిచి గణగణ మోగసాగింది. దూడ పొదుగు కుమ్ముతోంది. "అదిగో" అన్నారు నాన్న. వెళ్తూ వెళ్తూ నా అరచేతికి తగిలిన దాని తడి మూతి ఇంకా గుర్తే.

ప్రయోగశాలలో ఆ దూడ పేరు యాంటీబాడీ. ఎంజైమ్‌లోని చిన్న ముక్కను కుందేలుకు ఎక్కిస్తే, కుందేలు ఒళ్లు దాన్ని పరాయిదని గుర్తించి, దానికే అతుక్కునే యాంటీబాడీలను తయారుచేస్తుంది. ఒకే రకం యాంటీబాడీని కణాల చేత ఎడతెగకుండా చేయించే దారిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు.

మనం వెతికే తల్లి సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్. పేరు చూసి జడవకండి. 503 అమైనో ఆమ్లాల గొలుసు అది, అంటే ఒక ప్రొటీన్. మనం మింగే మందుల్లో చాలావాటిని ఒంట్లోంచి వెళ్లిపోయేలా మార్చేది అదే.

కాలేయ కణాల్లోని ప్రొటీన్లను జెల్‌లో సైజుల వారీగా విడదీసి, పల్చని పొర మీదికి ఎత్తుతారు. దానిపై పాలపొడి కలిపిన ద్రవం పోస్తారు. నిజంగా పాలే! ఖాళీ చోట్లను పాల ప్రొటీన్లు కప్పేస్తే దూడ దారితప్పి అక్కడ ఆగదు. అప్పుడు యాంటీబాడీని వదులుతారు. దాన్ని పట్టుకునే మరో యాంటీబాడీయే మెడగంట. దానికి తగిన రసాయనం తగలగానే సన్నని గీత ఒకటి వెలుగుతుంది.

అయితే సీవైపీ3ఏ5 అని అచ్చం తల్లిలాంటి పిన్ని ఒకతె ఉంది. దూడ అక్కడా ఆగవచ్చు. అందుకే సీవైపీ3ఏ4 అసలు లేని కణాల మీద కూడా పరీక్షిస్తారు. తల్లి లేని కొట్టంలోనూ గంట ఒకచోట నిలిచి మోగిందంటే ఆ దూడను నమ్మకూడదు. ఉన్నచోట ఉందనడం ఒక్కటే చాలదు, లేనిచోట లేదనాలి. మీరు వినే ప్రతి మాటకూ ఈ పరీక్ష పెట్టండి.

పల్చగా కోసిన కాలేయపు ముక్క మీద ఇదే పని చేస్తే వెలుగుకు బదులు గోధుమరంగు తేలేలా చేయవచ్చు. ఆ రంగు అంతటా సమంగా పరుచుకోదు, చిన్న సిర చుట్టూ చిక్కగా ముసురుకుంటుంది. పక్కపక్కనే ఉన్న కణాలు పని ఇలా పంచుకున్నాయే అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

బడిలో మైక్రోస్కోపు ఉంటే కాలేయపు స్లైడు పెట్టించుకుని చూడండి. గోధుమరంగు కనిపించదు కానీ, నడుమ గుండ్రని సిర, చుట్టూ బండిచక్రం ఆకుల్లా కణాల వరుసలు కనిపిస్తాయి. సిరను ఆనుకున్న కణాల దగ్గర కాసేపు ఆగండి. మన గంట మోగేది అక్కడే.

మీ తాతయ్య