ఆదివారం టిఫిన్: పెనం ఇవతలి నుంచి కొన్ని అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో మియాపూర్ వైపు 13 ఏళ్ళుగా టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. శనివారం రాత్రి అయిందంటే తెలిసినవాళ్ళెవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, రేపు పిల్లల్ని తీసుకుని బయట టిఫిన్ చేద్దామనుకుంటున్నాం. మీ దగ్గర కాకుండా మంచి చోటు ఏదన్నా చెప్పు." ఆ "మీ దగ్గర కాకుండా" అన్నది మాత్రం మర్చిపోరు! నేను తిరిగి అడిగేది ఒకటే: ఎన్నింటికి వెళ్తున్నారు?

అపోహ: జనం ఎగబడుతున్నారంటే మంచి హోటలే.

మామూలు రోజుల్లో అయితే సరే. ఆదివారం మాత్రం ఆ లెక్క పనిచేయదు. ఆ రోజు వచ్చేవాళ్ళలో సగం మంది ఫోన్లో వీడియో చూసి, ఊరికి ఆ చివర నుంచి వచ్చినవాళ్ళే ఉంటారు. బాగోకపోయినా మళ్ళీ వచ్చి చెప్పరు. ఏ మంగళవారమో పొద్దున ఏడింటికి ఆ వీధిలోకి వెళ్ళి చూడండి. ఇంటి నుంచి స్టీలు డబ్బా తెచ్చుకుని చట్నీ, సాంబారు పోయించుకెళ్ళేవాళ్ళు కనబడితే ఆ చోటు రాసిపెట్టుకోండి. పక్క వీధివాళ్ళు రోజూ డబ్బా పట్టుకుని రావడం కన్నా పెద్ద రేటింగ్ లేదు.

అపోహ: ఆదివారమే కదా, తీరిగ్గా పదిన్నరకి వెళ్ళినా అదే ఇడ్లీ.

అదే ఇడ్లీ కాదు. దీని గురించి కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఆదివారం టిఫిన్ బాగోకపోవడానికి సగం కారణం ఇదే.

ఇంట్లో గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల రవ్వ కలుపుతారు. హోటళ్ళలో మూడు దాకా వెళ్తుంది. ఎంత కలిపినా, రుబ్బిన పిండి పొంగడానికి టైము కావాలి. ఎండాకాలంలో ఆరేడు గంటలు చాలు. డిసెంబరు, జనవరి చలికి పన్నెండు గంటలైనా గిన్నెలో కదలికే ఉండదు. శనివారం రాత్రి ఎంత రుబ్బితే ఆదివారం పొద్దుటికి అంతే పిండి. తొమ్మిదిన్నరకల్లా గిన్నె అడుగు కనబడుతుంది. బయట ఇంకా ఇరవై మంది నిలబడి ఉంటారు. అప్పుడు ఓనరుకి రెండే దారులు: అయిపోయిందని చెప్పడం, లేదా అప్పటికప్పుడు రుబ్బి వంటసోడా వేసి పొంగించడం.

నేనూ ఆ రెండో పని చేశాను. పెట్టిన మొదటి చలికాలం, ఒక ఆదివారం. పిండి పొంగలేదు, భయమేసింది, సోడా వేశాను. ఇడ్లీలు చూడ్డానికి బంతుల్లా లేచాయి. రోజూ వాకింగ్ అయ్యాక వచ్చే రిటైరైన మాస్టారు ఒకటిన్నర తిని ప్లేటు పక్కన పెట్టేశారు. "ఏం బాబూ, రాత్రి పిండికి నిద్ర చాల్లేదా?" అన్నారు. డబ్బులు మొత్తం ఇచ్చి వెళ్ళారు, అదే ఎక్కువ గుచ్చుకుంది. అప్పటి నుంచీ పిండి అయిపోతే షట్టరు సగానికి దించేస్తాను.

సోడా ఇడ్లీని గుర్తుపట్టడం కష్టం కాదు. తెలుపులో పసుపు ఛాయ ఉంటుంది, తుంచితే పెద్ద పెద్ద రంధ్రాలు, నోట్లో చివరికి సబ్బు లాంటి చేదు. ఎనిమిదిలోపు వాయల్లో ఇది దాదాపు తగలదు.

అపోహ: ఎర్రగా కరకరలాడితే మంచి దోసె.

చారెడు పంచదార వేసినా ఎరుపొస్తుంది. అటుకులు, శనగపప్పు, మెంతులు కూడా రంగునిస్తాయి, అవేం తప్పు కాదు. ఒక ముక్క పక్కన పెట్టి, చల్లారాక చట్నీ లేకుండా తినండి. సన్నని పులుపు తగిలితే పిండి రాత్రంతా పులిసిందన్నమాట. ఏ రుచీ లేక, తియ్యగా మాత్రం ఉంటే అది రంగే.

అపోహ: పెనం మీద చీపురుతో నీళ్ళు కొట్టే చోట తినకూడదు.

పెనం మరీ కాగితే పిండి పరుచుకోదు, గరిటెకే చుట్టుకుని లేచొస్తుంది. నీళ్ళు చల్లి, తుడిచి, వేడి దించేది అందుకే. ఆ కొబ్బరి ఈనెల చీపురు పెనానికే కొన్నది. మీరు చూడాల్సింది దోసెకీ దోసెకీ మధ్య దాన్ని ఎక్కడ పెడుతున్నారో. మేకుకో, నీళ్ళ డబ్బాలోనో అయితే కూర్చోండి. నేల మీదైతే లేచి వచ్చేయండి.

అపోహ: ఒకసారి బాగుంటే ఎప్పుడూ బాగుంటుంది.

బోర్డు ఓనరుది, రుచి వంట మాస్టరుది. మాస్టరు పండక్కి ఊరెళ్తే చట్నీలో పల్లీలు తగ్గి పుట్నాలు పెరుగుతాయి. ఆన్‌లైన్ రేటింగ్ చూస్తే ఈ నెలలో రాసినవే చదవండి. అందులో రాత్రి బిర్యానీకి ఇచ్చిన చుక్కలు కూడా కలిసి ఉంటాయని మర్చిపోకండి.

అపోహ: హైదరాబాద్‌లో పొద్దుటి తిండి అంటే ఇడ్లీ, దోసెలే.

నేనే ఇడ్లీలమ్ముకునేవాణ్ణి, అయినా చెబుతాను, ఒక్క ఆదివారం పాతబస్తీకి వెళ్ళండి. పసుపు రంగు ఖిచిడీ, పక్కన ఖీమా, నువ్వులు చింతపండు వేసిన ఖట్టా. లేదంటే నహారీలో, అంటే రాత్రంతా ఉడికించిన మాంసం పులుసులో, నాలుగు మూలల చార్‌కోనీ నాన్ ముంచుకుని తినండి. నహార్ అంటే అరబ్బీలో పగలు. పేరులోనే టైముంది, ఆలస్యమైతే గిన్నెలు కడుగుతూ కనబడతారు. చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో ముగిస్తే సరి. పన్నెండింటికి స్టార్ హోటల్లో బ్రంచ్ అంటారా, అది భోజనం, దాని జోలికి నేను వెళ్ళను.

అపోహ: పెసరట్టు ఎక్కడైనా, ఎప్పుడైనా ఒకటే.

పెసరట్టు పిండి పులవకూడదు. పొట్టు తీయని పెసలు రాత్రి నానేసి, పొద్దున అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి, వెంటనే పోయాలి. ఎండాకాలంలో రెండు మూడు గంటలు బయట ఉంటే వాసన మారిపోతుంది. మెనూలో రోజంతా పెసరట్టు ఉందంటే ఆ పిండి ఎప్పటిదో అడగండి. లోపల ఉప్మా పెట్టి, పక్కన అల్లం పచ్చడి వేస్తే, పిండిలో పులుపు వచ్చినా చాలామంది కనిపెట్టలేరు. మాకు అదో ధైర్యం.

మా దగ్గర తొమ్మిది దాటాక పెసరట్టు అడక్కండి. పిండి మిగిలినా పోయను.