పోర్టర్‌ను నల్లబరిచిన కొలత

లండన్ పోర్టర్ పుట్టుకతో నల్ల బీరు కాదు. 18వ శతాబ్దం మొదట్లో అది ముదురు గోధుమరంగులోనే ఉండేది. థేమ్స్ రేవుల్లో, వీధుల్లో బరువులు మోసే పోర్టర్లు తెగ తాగడంతో ఆ పేరు స్థిరపడింది. అప్పట్లో బ్రౌన్ మాల్ట్‌తోనే కాసేవాళ్లు. మొలకెత్తిన బార్లీని కట్టెల మంట మీద గట్టిగా ఎండబెడితే వచ్చేదే అది. ఇండియాలోని బ్రిటిష్ సైనికులకూ పీపాలకొద్దీ పోర్టర్ ఓడల్లో వచ్చేది. పేరు మాత్రం లేతరంగు బీరైన పేల్ ఏల్ కొట్టేసింది.

రంగు మారడానికి మూలం హైడ్రోమీటర్, అంటే ద్రవం సాంద్రతను కొలిచే పరికరం. 1784లో జాన్ రిచర్డ్‌సన్ దాన్ని బ్రూవరీలో ఎలా వాడాలో రాసి ప్రచురించాడు. కొలిచి చూస్తే చవకనుకున్న బ్రౌన్ మాల్ట్ నుంచి, తక్కువ వేడిలో ఎండబెట్టిన లేతరంగు పేల్ మాల్ట్ కంటే బాగా తక్కువ చక్కెర దిగుతోందని తేలింది. దాంతో బ్రూవర్లు పేల్ మాల్ట్ వైపు మళ్లారు. ఖర్చు తగ్గింది, రంగూ పోయింది. కొందరు మాడ్చిన చక్కెర కలిపారు. 1816 చట్టం దాన్నీ నిషేధించింది. మరుసటి ఏడాదే డేనియల్ వీలర్ కాఫీ గింజల్లా మాల్ట్‌ను తిరిగే డ్రమ్ములో 200 డిగ్రీల పైన వేయించే పద్ధతికి పేటెంట్ పొందాడు. కొద్దిగా వేస్తే చాలు, బీరు నల్లబడుతుంది.

లండన్ బావినీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ. అవి మాష్ (వేడినీళ్లలో నానబెట్టిన మాల్ట్) పీహెచ్‌ను పెంచుతాయి, అంటే పులుపును తగ్గిస్తాయి. పిండిని చక్కెరగా మార్చే ఎంజైములకు 5.2 నుంచి 5.6 మధ్య అనుకూలం. ముదురు మాల్ట్‌లోని ఆమ్లాలు పీహెచ్‌ను అక్కడికి దించుతాయి. మెత్తటి నీళ్లతో కాస్తే మాత్రం మరీ దిగిపోయి, బీరు పుల్లగా, కరుకుగా తేలుతుంది. అలాంటప్పుడు నల్ల మాల్ట్‌ను మాష్ చివరి 15 నిమిషాల్లో వేయడమే తేలిక.

ఇప్పుడు 20 లీటర్ల పోర్టర్ కాయాలంటే పేల్ మాల్ట్ 3.5 కిలోలు, బ్రౌన్ 500 గ్రాములు, తీపినిచ్చే క్రిస్టల్ మాల్ట్ 350, నల్లది 120 సరిపోతాయి. 67 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు నానాలి. వడకట్టిన రసంలో ఫగుల్స్ రకం హాప్స్ (చేదునిచ్చే పూలు) 50 గ్రాములు వేసి గంట మరిగించాలి. చల్లారాక ఇంగ్లిష్ ఏల్ ఈస్ట్ వేసి 18-20 డిగ్రీల దగ్గర పులియబెట్టాలి. సాంద్రత (నీటిది 1 అనుకుంటే) 1.049 దగ్గర మొదలై 1.013 దగ్గర ఆగితే ఆల్కహాల్ దాదాపు 4.7 శాతం. బ్రౌన్ మాల్ట్ 15 శాతం దాటితే నాలుక పిడచకట్టేంత వగరు.

ఇలా కాసినా పాత రుచి రాదు. నాటి పోర్టర్ పెద్ద చెక్క తొట్లలో నెలల తరబడి ఊరేది, అందులో బ్రెటనోమైసిస్ అనే మరో ఈస్ట్ పనిచేసేది. దాన్ని 1904లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బ్రూవరీ ప్రయోగశాలలో క్లాసెన్ అనే శాస్త్రవేత్త ఇంగ్లిష్ బీర్ల నుంచే వేరుచేశాడు. పైగా నేటి బ్రౌన్ మాల్ట్‌లో ఎంజైములు దాదాపు మిగలవు. అచ్చంగా దానితోనే మాష్ చేస్తే పిండి పిండిగానే ఉండిపోతుంది.